తొమ్మిదో గ్రీను మీద చెరువు మన్ను

మే 26

ఈరోజు నుంచి మా గోల్ఫ్ క్లబ్బులో గ్రీన్లకు బొక్కలు కొడుతున్నారు. మిషన్ బెంగళూరు నుంచి వచ్చింది.

ఏడాదికోసారి ఈ తంతు. జెండా పాతిన గుంత చుట్టూ నున్నటి గడ్డి, బంతి జారాలని మాలి మస్తాన్ పొద్దున్నే కత్తిరించి, తడిపి, మనిషి తల దువ్వినట్టు దువ్వే గడ్డి — దాని మీదికి మిషన్ ఎక్కించి వరసగా పొడిచేస్తారు. చిటికెన వేలంత మట్టి కడ్డీలు బయట పడతాయి. బొక్కల్లో ఇసుక నింపితే వేళ్లకు గాలి ఆడుతుంది. మూడు వారాలు ఓపిక పడితే మళ్లీ నున్నన. గ్రీన్ల బాధ్యత నా నెత్తిన పెట్టారు కాబట్టి ఆ మూడు వారాలు తిట్లన్నీ నాకే.

ఒక మట్టి కడ్డీ చేతిలోకి తీసుకుని విరిచాను. లోపల తెల్లటి వేళ్లు, దారాల్లాగా, కడ్డీ పొడుగునా... కాలేజీలో ఇన్నేళ్లు బాటనీ చెప్పాను. బోర్డు మీద వేరు గీసి, బాణం గుర్తు పెట్టి, పేరు రాశాను. ఇలా అరచేతిలో పెట్టుకుని నోరు తెరిచి చూసింది ఎప్పుడూ లేదు. ఈ ఎండలో, ఈ రాళ్ల నేలలో, సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ వాడిన నీళ్లు తాగి, ఇంత లోతుకు దిగింది.

బావ, మా అక్క మొగుడు, క్లబ్బుకు కెప్టెన్, వచ్చి పక్కన నిలబడ్డాడు, ఒక చెయ్యి మోకాలి మీద. "మా నాయన చూసింటే చెప్పు తీసుకోని తరిమింటాడప్పా మనల్ని."

"ఎందుకు బావా?"

"ఆయన జన్మంతా గరికెను తవ్వేదానికే సరిపోయె. పసుపు తోటలో తవ్వుతాంటే ఇంగో పక్క లేస్తాండె. మనమేమో దాన్ని బతికించేదానికి బెంగళూరు నుంచి మిషన్ తెప్పిస్తాండాము."

విత్తనాల సంచి మీద ఏదో ఇంగ్లీషు పేరుంటుంది. అయినా మన గరికకే దగ్గర చుట్టం. బావ మాట నిజం.

మే 27

కొత్త బొక్కల మీద మొదటి ఆట. రూలు మామూలే — బంతి జెండా గుంతకు పుట్టర్, అంటే గ్రీన్ మీద బంతిని తోసే కర్ర, అంత దూరంలోకి వస్తే కొట్టక్కర్లేదు, పడినట్టే. ఎంత తిప్పలు పడినా గ్రీన్ మీద రెండు దెబ్బలకు మించి లెక్క పెట్టరు.

మన వాళ్లలో మూడు రకాలు. "ఇసుక ఆరినంక పిలవండి" అని ఇంట్లో పడుకునే రకం. రోజూ వచ్చి, మామూలు రోజుల్లో కూడా తప్పే బంతిని బొక్కల మీదికి తోసేసే రకం. మూడోది బావ ఒక్కడే. వంగుతాడు, కొడతాడు, బంతి టకటకా గెంతుకుంటూ ఎటో పోతుంది, నవ్వుతాడు.

విక్టర్ మొదటి గ్రీన్ మీదే మొదలుపెట్టాడు. పళ్ల డాక్టరు, ఇంకేం గుర్తొస్తుంది. "పన్నులన్నీ పీకినంక చిగుళ్లు ఉంటాయే, అట్ల ఉండాది సార్. గట్టి ముద్ద పెట్టద్దు."

నాలుగో గ్రీన్ మీద నా బంతి గుంతను దాటి పోయేదే. ఒక బొక్క అంచున తగిలి, పక్కకు దూకి, ఏమీ తెలియనట్టు గుంతలో పడింది. అందరూ నన్నే చూశారు. నేను బంతినే చూశాను. ఎలా కొట్టావంటే చెప్పలేను.

మే 28

ఇసుక ఎనిమిది గ్రీన్లకే సరిపోయింది. తొమ్మిదోది నోరు తెరుచుకుని పడుంది. లారీ ఎల్లుండి వస్తుందన్నారు. వచ్చే నెలాఖరుకు కర్నూలు వాళ్లతో మ్యాచ్. "ఈ ఎండకు వేళ్లు మాడిపోవా?" — బావ రెండుసార్లు అడిగాడు. పోవులే అన్నాను.

నేను ఊరికే అనేశాను. ఆయన మనసులో పెట్టుకున్నట్టుంది.

మే 30

ఏం రాయాలో తెలియడం లేదు.

పొద్దున పోయేసరికి తొమ్మిదో గ్రీన్ నల్లగా ఉంది. గడ్డి ఆనవాలే లేదు. పక్కన బావ ఊరి ట్రాక్టరు, చక్రాలకు తడి మన్ను. బావ పంచె ఎగ్గట్టి, చేతిలో పార, చెమటతో ముఖమంతా వెలుగు.

"మా చెరువు మన్నప్పా. ఎండింది గదా, ఊరోళ్లంతా చేన్లకు తోలుకుంటాండారు. ఇసకలో ఏముంటాది? ఇది బంగారం. పసుపుకు తోలినామంటే కొమ్ము ముంజేతి లావు ఊరుతాది. నీ గ్రీన్‌కు తోలినా."

మస్తాన్ నా వైపు చూడకుండా అన్నాడు, "పెద్దాయన నింపమంటే నింపినా సార్. బొక్క బొక్కకూ."

మా వైపు ఎండాకాలంలో చెరువు మన్ను తోలడమంటే పెళ్లికి సామాన్లు తెచ్చినంత సంబరం. చేనుకు అంతకు మించిన కానుక లేదు. ఆయన తన చేనుకు చేసుకునేది గ్రీనుకు చేశాడు. కానీ అది జిగట మన్ను. వేళ్లకు గాలి కోసం కొట్టిన బొక్కల్నే మూసేస్తుంది. ఎండితే రాయి.

చెప్పాను. మెల్లగానే చెప్పాననుకుంటున్నాను. ఆయన ముఖంలో వెలుగు పోవడం చూశాను. దాని బదులు తిట్టినా బాగుండేది.

మే 31

కమిటీ కూర్చుంది. అంత పెద్ద మాటలు అనాల్సిన పని లేదు. అన్నారు. "కెప్టెన్ అంటే గ్రీను ఆయన చేనా?" అన్నది ఎవరో రాయను. గడ్డికి బదులు ఆయిలు కలిపిన ఇసుక పోసిన మట్టి గ్రీన్ల మీద ఆడే రోజుల్లో ఇక్కడ గడ్డి మొలుస్తుందని పందెం కాసింది ఈ బావే. కమిటీకి అది గుర్తు లేదు.

బావ లేచి, బ్యాగు కూడా తీసుకోకుండా కారెక్కాడు. బ్యాగు ఇంకా క్లబ్బు వరండాలోనే ఉంది.

జూన్ 2

నలభై దాటిన ఎండ. తొమ్మిదోది కడప బండయింది. పుట్టర్‌తో తట్టాను, టంగుమంది. బంతి వదిలితే మోకాలి దాకా ఎగిరింది.

"ఫ్యాక్టరీకి అమ్మేద్దాం సార్, సిమెంటు చేసుకుంటారు" — విక్టర్. నవ్వలేదు నేను. వాడూ ఆపేశాడు. 

జూన్ 4

అక్క ఫోను.

"అబ్బీ, మీ బావ పొద్దున్నే లేచ్చాడు. షూ ఏసుకుంటాడు. అరుగు మీద కూచ్చుంటాడు. ఎండ రాంగానే ఇప్పేసి లోపలికొచ్చాడు. రోజూ ఇదే పని."

"తింటాండాడా?"

"తింటాడు. ఉప్పు ఎక్కువయిందో తక్కువయిందో చెప్పడు. అదే నాకు భయం."

ఇంకొకటి చెప్పింది. కర్నూలు మ్యాచ్ ఆడాక మోకాలి ఆపరేషన్ చేయించుకుంటానని ఒప్పుకున్నాడు కదా. ఇప్పుడు తను ఆడేదే లేదు, ఆపరేషనెందుకు అంటున్నాడట. ఎముక ఎముకకు రాసుకుంటోంది, ఆలస్యం చేస్తే కర్ర లేకుండా నడవలేడని డాక్టరు చెప్పాడు.

కాబట్టి సంగతి ఇదీ. గ్రీను బతికితే బావ వస్తాడు. బావ వస్తే మోకాలు బాగుపడుతుంది. ఒక మనిషి నడక గరిక వేరుకు కట్టేసి ఉందంటే బయట ఎవరికైనా చెప్పగలనా? ఇక్కడే రాసుకుంటున్నాను.

జూన్ 6

కమిటీ: తొమ్మిదోది తవ్వేసి పాత పద్ధతిలో ఆయిలు ఇసుక పోయాలి. మ్యాచ్‌కు సిగ్గుచేటు కాకుండా.

నేను: మ్యాచ్ అయ్యేదాకా ముట్టుకోవద్దు. తొమ్మిదో గ్రీన్ మీద ఎవరూ పుట్ చేయక్కర్లేదు, పైకి చేరితే రెండు దెబ్బలు రాసుకుని పోవడమే.

ఎందుకంత పట్టుదల అన్నారు. బాటనీ అన్నాను. ఒప్పుకున్నారు. చదువు ఇలాంటప్పుడు పనికొస్తుంది.

నిజానికి బాటనీ ప్రకారం అది చచ్చిపోయి ఉండాలి.

జూన్ 8

పగుళ్లు. గ్రీన్ అంతా పగుళ్లు. నీళ్లింకిన చెరువు అడుగు ఎలా ఉంటుందో అచ్చం అలా. మస్తాన్ ఫోటో పంపాడు. ఇక అయిపోయిందనుకున్నాను. బావకు చెప్పొద్దని వాడికి చెప్పాను.

జూన్ 9

వాన. మధ్యాహ్నం మబ్బు పట్టి, గాలి దుమ్ము లేపి, ఒక గంట కుమ్మేసింది. బావ వాళ్ల మైదుకూరులో కూడా పడిందట. అక్క చెప్పింది — బావ అరుగు మీద నుంచి లేవకుండా తడిశాడని.

జూన్ 12

ఇంటికి రాగానే డైరీ తెరిచాను. 

పొద్దున తొమ్మిదోదాని వైపు పోకూడదనుకుంటూనే పోయాను. దూరం నుంచి నల్లగానే ఉంది. దగ్గరికి పోతే పగుళ్లలో ఏదో. వంగాను. మోకాళ్ల మీద కూర్చున్నాను.

గరిక.

ప్రతి పగులు వెంబడీ. సన్నటి పచ్చటి గీత, ఒక పగులు నుంచి ఇంకో పగులుకు, మలుపు తిరిగితే మలుపు తిరిగి. ఆ మన్ను కింద ఇన్నాళ్లు గాలి లేకుండా, వెలుగు లేకుండా పడుకుని, నేల ఎక్కడ నోరు తెరుస్తుందా అని కాచుకుని ఉంది. తెరిచింది. బయటికొచ్చింది. ఒక చోట పగులు కూడా లేదు, మన్ను పెచ్చునే పైకెత్తి, దాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది ఒక మొలక. ముట్టుకున్నాను. సూది మొనలా గుచ్చుకుంది.

నాకు దేవుడంటే అంత పట్టింపు లేదు. వినాయక చవితికి అక్క పెట్టమంటే రెండు గరికపోచలు పెట్టేవాణ్ని, అంతే. ఈరోజు ఆ గ్రీన్ అంచున బూట్లు విప్పేశాను. ఎందుకు విప్పానో తెలియదు. తొక్కబుద్ధి కాలేదు.

మస్తాన్ వచ్చి పక్కన కూర్చున్నాడు.  "బతికేసింది సార్" అన్నాడు.

జూన్ 13

బావకు ఫోను చేసి చెప్పాను. నమ్మలేదు. "నన్ను రప్పించల్లని చెప్తాండావు. జాలి పడేదానికి నేనేం ముసిలోన్నా?" అని పెట్టేశాడు.

సరే. ఒక పెచ్చు, పగులు అంచున వదులైంది, మొలకతో సహా ఊడదీశాను. తడి గుడ్డలో చుట్టి కారులో పెట్టుకుని మైదుకూరు దారి పట్టాను. ఈ వయసులో గరికపోచకు కారులో ముందు సీటు.

అరుగు మీదే ఉన్నాడు. షూ కాళ్లకే ఉంది. గుడ్డ విప్పి ఆయన ముందు పెట్టాను.

అక్క గడపలోంచి, "ఏందిది? మట్టిగడ్డ తెచ్చినావా? అన్నం తినేటోనివి మిఠాయి తేవల్లని తెలీదా?"

బావ చేతిలోకి తీసుకున్నాడు. పైన నల్లటి మన్ను. మధ్యలోంచి మూడు పోచలు. తిరగేశాడు. అడుగున తెల్లటి వేళ్లు వేలాడుతున్నాయి. ఆయన చెరువు మన్నులోకే దిగి ఉన్నాయి. నేను కూడా అప్పుడే చూశాను అది. రాయి అనుకున్న మన్నులోకి.

చాలాసేపు చూశాడు. తర్వాత తాగుతున్న గ్లాసులోని నీళ్లు దాని మీద పోశాడు, కొంచెం కొంచెంగా.  బావను చూసి ఏడవబుద్ధి కావడం ఇదే మొదటిసారి.

"మా నాయన దీన్ని చంపలేకపాయె," అన్నాడు. "నేనూ చంపలేకపోతి."

పళ్లెం ఎత్తేటప్పుడు అక్కతో అన్నాడట, పప్పులో ఉప్పు తక్కువైందని. నేను బయలుదేరుతుంటే అక్క ఆ మాట చెప్పడానికే గేటు దాకా వచ్చింది.

జూన్ 14

బ్యాగు వరండాలో లేదు. మస్తాన్‌ను అడిగితే, "పొద్దున్నే వచ్చినాడు సార్, ఎవురూ రాకముందు." తొమ్మిదో గ్రీన్ మీద చెప్పుల్లేని పాదాల గుర్తులు. ఒక పాదం లోతుగా, ఒకటి తేలిగ్గా.

జూన్ 20

ఎనిమిది గ్రీన్లు మానిపోయాయి. బొక్కలు ఎక్కడ కొట్టామో వెతికితే తప్ప కనపడదు. బంతి వదిలితే పోతూనే ఉంటుంది. మొన్నటిదాకా తిట్టిన వాళ్లంతా ఇప్పుడు ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకుంటున్నారు. బొక్కల మీద ఎలా ఓపిక పట్టామో చెబుతున్నారు. మనిషి మరుపు కూడా ఒక రకం గరికే, ఎంత త్వరగా కప్పేస్తుందో.

తొమ్మిదోది మాత్రం ఇంకా పటం గీసినట్టుంది. పచ్చటి గీతలు, మధ్యలో నల్లటి పెచ్చులు. గీతలు రోజూ వెడల్పవుతున్నాయి. రోజూ పోయి చూస్తున్నాను. పని లేక కాదు.

జూన్ 24

కమిటీ బావను చూసి లేచి నిలబడింది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఎవరో కుర్చీ జరిపారు. బావ కూర్చున్నాడు. మా వాళ్లకు అంతకంటే చేతకాదు.

మ్యాచ్ మర్నాడు హాస్పిటల్లో చేరతానని అక్కకు మాటిచ్చాడు.

జూన్ 28

రాత్రికి నిద్ర పట్టేలా లేదు, ఇప్పుడే రాసేస్తాను.

నేనూ బావా ఒక జట్టు. అటు కర్నూలు కెప్టెన్ జిలానీ సాబ్, ఆయన జతగాడు. ఉన్న తొమ్మిది గుంతల్లో ఎనిమిదో దాకా సమానం. తొమ్మిదో దాంట్లో నా బంతి తుమ్మల్లో పోయింది. వాళ్ల జతగాడిదీ అంతే. బావదీ జిలానీ సాబ్‌దీ సమానమైన దెబ్బల్లో గ్రీన్ ఎక్కాయి. రూలు ప్రకారం చెరి రెండు రాసుకుని చేతులు కలపాలి. మ్యాచ్ సమానం.

బావ పుట్టర్ తీశాడు. "నేను తోలిన మన్ను మీద నేను కొట్టకుండా పోతే ఎట్లప్పా."

జిలానీ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. "రూలు మీ కోసరం పెట్టుకున్నారు. మీకే వద్దంటే నాకేం ఫికరు?"

ఆయనే ముందు. బంతి ఒక పెచ్చు మీద ఎగిరి, పగులు అంచుకు తగిలి, గ్రీన్ దిగిపోయింది. గుంతలో పడేసరికి మూడు. అంటే బావకు రెండింట్లో పడితే గెలుపు మాది.

బావ గుంత వైపు చూడలేదు. నేలనే చూస్తున్నాడు. ఎంత మెల్లగా కొట్టాడంటే బంతి కదిలిందా అనిపించింది. కదిలింది. పెచ్చుల మీద తడబడింది, ఒక పచ్చ గీత ఎక్కింది, దాని వెంట పోయింది, గీత మలుపు తిరిగితే తిరిగింది... గుంతకు జానెడు దూరంలో ఆగింది. 

"ఇచ్చేసినా కెప్టెన్ సాబ్, ఎత్తుకోండి" — జిలానీ సాబ్. పుట్టర్ కర్రంత దూరంలో ఉంటే పడినట్టే కదా.

"ఇయ్యద్దు. కొడతా."

పోయి నిలబడ్డాడు. పుట్టర్ వెనక్కి తీశాడు. ఆపాడు. మోకాలు పట్టుకుని, మెల్లగా, మెల్లగా కిందికి కూర్చున్నాడు. నొప్పి అనుకుని పరిగెత్తాను. నొప్పి కాదు. బంతి ఒక లేత గరిక కుదురు మీద ఆగి ఉంది. గుంత దగ్గర పెద్ద పెచ్చులో అదొక్కటే మొలిచింది. పుట్టర్ ఆడిస్తే అది తెగుతుంది.

పుట్టినప్పటి నుంచి గరిక పీకిన చెయ్యి. బంతి మీద పెట్టలేదు, గరిక మీద పెట్టాడు.

"ఇది కొంచెం బలపడనీ," అన్నాడు. "మోకాలు బాగు జేయించుకోని వచ్చి కొడతా."

జిలానీ సాబ్ నన్ను చూశాడు, బావను చూశాడు. "అయితే మ్యాచ్ అయిపోలేదు."

"అయిపోలేదు."

టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు ఆయన. ఇద్దరం చెరో రెక్క పట్టుకుని బావను లేపాం.

జూన్ 29

బంతి అక్కడే ఉంది. విక్టర్ చుట్టూ నాలుగు పుల్లలు పాతి దారం కట్టాడు, వెటకారం ఒక్కటి లేకుండా. "గడ్డి కోసే మిషన్ ఎట్ల తోలల్ల సార్?" అన్నాడు మస్తాన్. చుట్టూ తోలమన్నాను.

జులై 1

ఆపరేషన్ అయింది. అక్క గొంతు బాగుంది.

జులై 11

హాస్పిటల్ నుంచి ఇల్లు చేర్చాం. నడుస్తాడు, అది ఖాయం అన్నాడు డాక్టరు. గోల్ఫ్ సంగతి అడిగితే రిపోర్టు తిరగేస్తూ, "చూద్దాం" అన్నాడు. ఆ మాట బావ కూడా విన్నాడు.

జులై 19

మళ్లీ వానలు. తొమ్మిదోది దాదాపు కలిసిపోయింది, నల్లటి పెచ్చులు వెతుక్కోవాలి. దారం లోపల ఎవరూ కత్తిరించరు కాబట్టి అక్కడ గరిక ఏపుగా లేచింది.

సాయంత్రం మైదుకూరు పోయాను. బావ చేతికర్రతో గేటు దాకా వచ్చాడు, తిరిగి అరుగు దాకా పోవడానికి చాలాసేపు పట్టింది. కూర్చున్నాక ఊపిరి తీసుకుని అడిగాడు.

"బంతి కనపడతాండాదా?"

"కనపడతాండాది బావా" అన్నాను.

పొద్దున రెండు చేతులతో గరిక పక్కకు తీస్తే గానీ కనపడలేదు. గరికే కింద నుంచి దాన్ని ఎత్తి పట్టుకుని ఉంది.